నలుపును మించిన నలుపు

పిల్లలూ! మీ తరగతి గదిలోని నల్లబల్ల ఏ రంగులో ఉంటుంది? "ఇదేం ప్రశ్న, నల్లగానే ఉంటుంది" అంటారు కదూ! అయితే తలుపు పక్క వరుసలో కూర్చునే మీ స్నేహితుణ్ణి కూడా ఒకసారి అడిగి చూడండి. అతనికి అది కొంతమేర తెల్లగా కనిపిస్తూ ఉండవచ్చు!

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక బడిలో ఇలాగే జరిగింది. నల్లబల్లకు కొత్తగా రంగు వేశారు. అద్దంలా నిగనిగలాడింది. అందరం మురిసిపోయాం. ఆనాటి నుంచి తలుపు పక్కన కూర్చునే ఒక అమ్మాయి నోటుపుస్తకంలో సగం పాఠమే రాస్తూ వచ్చింది. నేను రెండుసార్లు కోప్పడ్డాను. మూడోసారి ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకొని, "అక్షరాలు కనబడతలేవు సార్, బోర్డు మీద ఎండ కనబడతాంది" అన్నది. వెళ్ళి ఆమె చోట కూర్చుని చూశాను. నిజమే! తలుపులోంచి వచ్చిన వెలుగు బల్ల మీద సగం దాకా తెల్లగా పరచుకొని ఉంది. సుద్ద అక్షరాలు ఆ వెలుగులో మునిగిపోయాయి. తప్పు పిల్లది కాదు, నాది. ఆ సాయంత్రమే అందరం కలిసి బల్లను గరుకు కాగితంతో రుద్ది, బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి పూశాం. మెరుపు పోయింది, అక్షరాలు పైకి తేలాయి.

అప్పుడూ నలుపే, ఇప్పుడూ నలుపే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మన చేలగట్ల మీది పుట్టల దగ్గర బయలుదేరి సూర్యుని దాకా వెళ్ళవచ్చు. రండి, వెళ్దాం!

నలుపు అంటే ఏమిటి?

వస్తువు మీద వెలుగు పడినప్పుడు కొంత భాగాన్ని వస్తువు పీల్చుకుంటుంది. దీన్ని శోషణం అంటాం. కొంత భాగం తిరిగి వస్తుంది. దీన్ని పరావర్తనం అంటాం. తిరిగి వచ్చిన వెలుగు మన కంటిని చేరినప్పుడే ఆ వస్తువు మనకు కనిపిస్తుంది. తెల్లకాగితం చాలా వెలుగును తిప్పి పంపుతుంది. నల్లని వస్తువు చాలా వెలుగును పీల్చుకుంటుంది.

"నల్లని వస్తువు వెలుగునంతా పీల్చుకుంటుంది" అని మనం పుస్తకాల్లో చదువుతాం. కాని అది పూర్తిగా నిజమైతే మీ పలక మీకు పలకలా కనిపించదు. దాని గీతలూ గరుకూ కనిపిస్తున్నాయంటే కొంత వెలుగు తిరిగి వస్తున్నట్లే గదా! దీపపు మసి ఎంతో నల్లనిది. అయినా దాని మీద పడిన వెలుగులో నూటికి 3 నుంచి 5 పాళ్ళు వెనక్కి వస్తాయి. నిగనిగలాడే నల్లరంగుతో మరో చిక్కు ఉంది. దాని పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చే కొద్ది వెలుగూ చెదిరిపోకుండా అద్దం మీది నుంచి వచ్చినట్లు ఒకే దిక్కుకు వస్తుంది. ఆ దిక్కున కూర్చున్న పిల్ల కళ్ళలో పడుతుంది.

పుట్ట కన్నం చెప్పే పాఠం

మా పెద్దవంగర చుట్టుపక్కల ఎర్రని చెలక నేలలు ఉన్నాయి, నల్లని రేగడి నేలలూ ఉన్నాయి. చెలకలో లేచిన పుట్ట ఎర్రగానే ఉంటుంది. కాని దాని కన్నంలోకి చూడండి. కటిక నలుపు! లోపలి మట్టి కూడా ఎర్రదే, దానికి ఎవరూ నల్లరంగు పూయలేదు. మరి ఆ నలుపు ఎక్కడిది?

కన్నంలోకి వెళ్ళిన వెలుగు లోపలి గోడకు తగులుతుంది. గోడ కొంత పీల్చుకుంటుంది. మిగిలింది మరో గోడకు తగులుతుంది. అక్కడ మరికొంత పోతుంది. ఇలా తగిలి తగిలి, బయటికి దారి దొరికేలోగా వెలుగు దాదాపు అంతా ఖర్చయిపోతుంది. పగటిపూట దూరం నుంచి చూస్తే ఇంటి కిటికీలు నల్లగా కనిపించడానికీ కారణం ఇదే. అంటే నలుపు రంగులోనే కాదు, ఆకారంలో కూడా ఉందన్నమాట!

చేసి చూడండి

ఖాళీ చెప్పుల పెట్టె ఒకటి తీసుకోండి. లోపల తెల్లకాగితం, బయట నల్లకాగితం అంటించండి. మూతకు మధ్యలో ఒక సెంటీమీటరు కన్నం చేసి, మూత గట్టిగా పెట్టండి. వెలుతురులో ఉంచి చూడండి. లోపలంతా తెలుపే అయినా కన్నం బయటి నల్లకాగితం కంటె నల్లగా కనిపిస్తుంది! ఇప్పుడు కన్నాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేస్తూ పోండి. ఎప్పుడు నలుపు తగ్గడం మొదలవుతుందో రాసుకోండి. ఎందుకు తగ్గిందో ఆలోచించండి.

19వ శతాబ్దం చివర జర్మనీలో శాస్త్రజ్ఞులు ఇటువంటి కన్నమున్న పెట్టెనే వేడిచేసి, దాని నుంచి వచ్చే వికిరణాన్ని కొలిచారు. ఆ కొలతలను వివరించే ప్రయత్నంలోనే 1900లో మాక్స్ ప్లాంక్ క్వాంటం సిద్ధాంతానికి పునాది వేశాడు.

ఒక చిన్న లెక్క

మసిలాంటి పదార్థానికి వెలుగు ఒకసారి తగిలితే 100 పాళ్ళలో 5 తిరిగి వస్తాయనుకుందాం. ఆ 5 పాళ్ళూ మళ్ళీ మసికే తగిలేలా చేస్తే? 5లో నూటికి 5 వంతులు, అంటే 100లో పావు పాలు మాత్రమే మిగులుతుంది. మూడోసారి కూడా తగిలితే 10,000 పాళ్ళలో సుమారు ఒకటి మిగులుతుంది. చూశారా! మసిని మార్చలేదు. వెలుగు మూడుసార్లు తగిలేలా దారి మార్చాం, అంతే.

గోడకు బంతి విసిరితే వెనక్కి వస్తుంది. ఏపుగా పెరిగిన జొన్నచేనులోకి విసిరితే? దంట్లకు తగిలి తగిలి లోపలే పడిపోతుంది. వెలుగుకు కూడా అలాంటి చేను ఒకటి నాటగలిగితే ఎంత బాగుంటుంది!

గొట్టాల చేను

శాస్త్రజ్ఞులు సరిగ్గా అదే పని చేశారు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా కార్బన్ నానో గొట్టాలను వర్ణించి లోకం దృష్టికి తెచ్చాడు. ఇవి మన వెంట్రుక కంటె వేల రెట్లు సన్ననివి. లోహపు రేకు మీద ఇనుము వంటి ఉత్ప్రేరకపు సూక్ష్మకణాలను విత్తనాల్లా చల్లి, వేడి కొలిమిలో ఉంచి, కార్బన్ ఉన్న వాయువును పంపితే ఈ గొట్టాలు నిటారుగా, పక్కపక్కనే మొలుస్తాయి. అచ్చం జొన్నచేనులాగే!

ఈ చేనులో చాలాభాగం ఖాళీయే, గాలే. అందువల్ల వెలుగుకు ఎదురుగా గోడలాంటి సరిహద్దు ఉండదు. పైనే తిరిగి పోకుండా లోపలికి దిగుతుంది. దిగిన తరువాత గొట్టాలకు తగిలి తగిలి వేడిగా మారిపోతుంది.

కేరళలో పుట్టి అమెరికాలో పరిశోధనలు చేస్తున్న పులికెల్ అజయన్, షాన్-యూ లిన్‌ల బృందం 2008లో ఇటువంటి పదార్థాన్ని ప్రకటించింది. 2014లో ఇంగ్లండులోని సర్రే నానోసిస్టమ్స్ సంస్థ "వాంటాబ్లాక్" అనే పూతను బయటపెట్టింది. 2019లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు అల్యూమినియం రేకును ఉప్పునీటిలో నానబెట్టి, పైనున్న ఆక్సైడు పొరను పోగొట్టి, ఆపై గొట్టాలను మొలిపించారు. వారు నలుపు కోసం వెతకలేదు. వేడిని, విద్యుత్తును బాగా ప్రసరింపజేసే పదార్థం కోసం వెతుకుతుండగా ఈ నలుపు కంటబడింది!

లక్ష పాళ్ళ వెలుగు పడితే ఎంత తిరిగి వస్తుందో చూడండి:

దీపపు మసి: సుమారు 3,000 నుంచి 5,000 పాళ్ళు
2008 నాటి పదార్థం: 45 పాళ్ళు
వాంటాబ్లాక్: 35 పాళ్ళు
2019 నాటి పదార్థం: సుమారు 5 పాళ్ళు

నలిపిన రేకు మీద ఈ పూత ఉంటే ముడతలు కనిపించవు, గాలిలో కన్నం పడినట్లుంటుంది. అయితే ఒక లోపం ఉంది. వేలితో తాకితే గొట్టాలు పడుకుంటాయి, నలుపు చెడుతుంది. గాలివానకు చేను పడిపోయినట్లే!

ఎందుకు పనికివస్తుంది?

ఇప్పుడు మళ్ళీ నల్లబల్ల దగ్గరికి వద్దాం. అక్కడ అక్కరలేని వెలుగు అక్షరాలను ముంచేసింది. దూరదర్శినికీ ఇదే బాధ. మసక నక్షత్రాన్ని చూస్తుంటే పక్కదారిన వచ్చిన వెలుగు గొట్టం లోపలి గోడలకు తగిలి బొమ్మను పాడుచేస్తుంది. అందుకే దూరదర్శిని లోపల మెరుపు లేని నల్లపూత వేస్తారు. పూత ఎంత నల్లనిదైతే అంత మసక వస్తువును చూడవచ్చు. అంతరిక్ష పరికరాలకు ఈ గొట్టాల చేను ఎంతో అనువైనది. అక్కడ దాన్ని వేలితో తాకేవారుండరు గదా!

సూర్యుని చుట్టూ కరోనా అనే పలుచని వాయుమండలం ఉంది. దాని వెలుగు సూర్యబింబపు వెలుగులో సుమారు పదిలక్షల వంతు మాత్రమే. అందుకే సంపూర్ణ గ్రహణమప్పుడే అది మామూలు కంటికి కనిపిస్తుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగా సాగినప్పుడు, హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 గ్రహణం కోసం ఎదురుచూడనక్కరలేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, సూర్యబింబపు వెలుగును వేరుచేసి కరోనాను చూసే పరికరం అందులో ఉంది. అక్కరలేని వెలుగును అదుపులో పెట్టడమే దాని తయారీలో కష్టమైన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక! పూర్వం గాజుముక్కకు దీపపు మసి పట్టించి గ్రహణం చూసేవారు. మీరు ఎన్నడూ అలా చేయకండి. పలుచని మసి వెలుగును మసకబారుస్తుంది కాని, కంటికి కనిపించని పరారుణ కిరణాలను చాలినంతగా ఆపదు. నొప్పి తెలియకుండానే చూపు దెబ్బతింటుంది. గ్రహణం కోసం తయారైన ప్రమాణబద్ధమైన కళ్ళద్దాలనే వాడాలి.

అన్నట్లు, ఈ ఉపాయం ప్రకృతికి ముందే తెలుసు! లోతు సముద్రాల్లోని కొన్ని చేపల చర్మం తన మీద పడిన వెలుగులో నూటికి అరపాలు కంటె తక్కువ తిప్పి పంపుతుందని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వెలుగు తిరిగి రాకపోతే శత్రువుకు కనిపించవు, బతికిపోతాయి.

పిల్లలూ! రేపు బడికి వెళ్ళగానే ఒక పని చేయండి. నల్లబల్ల మీద ఒక వాక్యం రాసి, తరగతిలోని ప్రతి చోటా కూర్చుని చదవండి. ఎక్కడి నుంచి చదవలేకపోయారో గుర్తుపెట్టుకొని మీ ఉపాధ్యాయులకు చెప్పండి. ఆ చోట రోజూ ఎవరో ఒకరు కూర్చుంటున్నారు. వారు అడగడానికి జంకుతూ ఉండవచ్చు.