ఏకాంతము – ఒంటరితనము

ఏకాంతము వేఱు, ఒంటరితనము వేఱు. భగవద్గీత పదుమూడవ అధ్యాయమున జ్ఞానలక్షణములలో నొకటిగా గణింపబడినది మొదటిది. అది సాధకుడు కోరి తెచ్చుకొనునది. రెండవది కోరకయే మీద పడునది. పదిమంది నడుమ నున్నను మనస్సు ఒంటరి కావచ్చును.

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులును ఈ భేదమును గుర్తించిరి. 1978లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఒంటరితనమును కొలుచుటకు 20 వాక్యముల పట్టిక కూర్పబడినది. అందు బంధువు లెందరను లెక్క లేదు. తన్నెఱిగినవారు లేరను భావము ఎంత తఱచుగా కలుగుచున్నదనియే ప్రశ్న.

ఇది కేవల మనోవ్యథ కాదు. 2010లో హోల్ట్-లున్‌స్టాడ్ ప్రభృతులు 148 పరిశోధనలను, మూడు లక్షలకు పైబడిన జనుల వివరములను పరిశీలించి, ఆత్మీయ సంబంధములు దృఢముగా గలవారు బ్రతికియుండు అవకాశము 50 శాతము అధికమని తేల్చిరి.

మఱి చికిత్స యేమి? నలుగురిని ఒకచోట చేర్చిన చాలునని తోచును. 2011లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల సమీక్ష వేఱుగా చెప్పినది. ఇతరులను గూర్చిన అపోహలను సవరించు ప్రయత్నములే అధిక ఫలము నిచ్చెనట! ఒంటరి మనస్సు ఎదుటివాని మౌనమును అనాదరణగా గ్రహించి, తానే తలుపు మూసికొనును. అమెరికాలోని కుమారుడు ఫోను తీయనిచో తల్లి, “నన్ను మఱచినాడు” అని కుములును. అక్కడ అర్ధరాత్రి యని ఆమెకు స్ఫురింపదు.