పాల క్యానుకు అతుకు: కొల్లెట్ ఎంపికలో తెలుసుకోవలసినవి

కొల్లేటి ఒడ్డు గ్రామాల్లో వానాకాలం వచ్చిందంటే పాల క్యానుకు కష్టకాలమే. బురద దారిలో సైకిలు మీద నుంచి జారిపడుతుంది. లారీలో ఒకదానికొకటి కొట్టుకొంటాయి. అంచు చిట్లుతుంది, అడుగు కారుతుంది. కార్యదర్శి గారు దాన్ని ఏలూరుకో తాడేపల్లిగూడేనికో పంపి అతుకు వేయిస్తారు. నీళ్లు పోసి చూసి, కారకపోతే పని అయిపోయిందనుకొంటాం. పాల పాత్రకు అంతమాత్రం చాలదు.

అతుకు లోపలివైపు సన్నని రంధ్రం గాని, గరుకు గాని మిగిలితే అక్కడ పాలు నిలుస్తాయి. బ్రష్షు ఆ సందుకు చేరదు. నిలిచిన పాలలో సూక్ష్మజీవులు పెరిగి, మర్నాడు పోసిన తాజా పాలను కూడా పులియబెడతాయి. 40 లీటర్ల క్యానులో ఎన్నో ఇళ్ల పాలు కలుస్తాయి. పొదుగు కడిగి శుభ్రంగా పితికిన వారి పాలు కూడా ఆ ఒక్క అతుకు వల్ల పులిసిన పాల లెక్కలోకి పోతాయి. అందుకే ఈ పాఠం వెల్డరుకే కాదు, సభ్యులందరికీ అవసరమే.

ఆర్గాన్ వెల్డింగు అంటే ఏమిటి?

మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగు అని పిలిచేదే టిగ్ వెల్డింగు. 1940ల తొలినాళ్లలో అమెరికాలో విమానాల తయారీ కోసం ఇది రూపొందింది. టార్చీలో సన్నని టంగ్‌స్టన్ రాడ్ ఉంటుంది. దాని మొనకూ లోహానికీ మధ్య మంట పుడుతుంది. రాడ్ చుట్టూ వచ్చే ఆర్గాన్ వాయువు, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది.

ఆ రాడ్‌ను పట్టి ఉంచే చిన్న రాగి గొట్టమే కొల్లెట్. దాని కొసలో చీలికలు ఉంటాయి. టార్చీ వెనుక మూత బిగించగానే ఆ చీలికలు దగ్గరపడి రాడ్‌ను పట్టుకొంటాయి. కరెంటు రాడ్‌కు చేరేది కూడా ఈ పట్టు ద్వారానే. గొడ్డలి కామ వదులైతే దెబ్బ గురి తప్పుతుంది గదా! కొల్లెట్ వదులైనా అంతే.

ఎంపిక ఎలా?

1. ముందు రేకు మందం చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్ల కరెంటు అని మోటు లెక్క. రెండు మి.మీ. రేకుకు 80 ఆంపియర్లు అవుతుంది.

2. కరెంటును బట్టి రాడ్ ఎన్నుకోవాలి. స్టీలు పనిలో 1.6 మి.మీ. రాడ్ సుమారు 70 నుంచి 150 ఆంపియర్ల దాకా పనికివస్తుంది. అంతకంటె పలుచని రేకుకు 1 మి.మీ., దళసరి పనికి 2.4 మి.మీ. రాడ్ వాడతారు. పలుచని రేకుకు లావు రాడ్ వాడితే మంట నిలకడగా ఉండదు.

3. రాడ్ ఎంతో కొల్లెట్ అంత. 1.6 రాడ్‌కు 1.6 కొల్లెట్టే. దానిని మోసే కొల్లెట్ బాడీ కూడా అదే కొలతలో ఉండాలి. "ఉన్నదానితో సర్దుకొందాం" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

4. టార్చీ నంబరు చూసి కొనాలి. 9, 20 నంబర్ల టార్చీల కొల్లెట్ 17, 18, 26 నంబర్ల టార్చీలకు పట్టదు.

అల్యూమినియం క్యానులకు ఏసీ కరెంటు వాడాలి. అందులో రాడ్ ఎక్కువ వేడెక్కుతుంది గనుక అంతే కరెంటుకు కాస్త లావు రాడ్ కావాలి. కొల్లెట్ కూడా దానికి తగినట్టే మారుతుంది.

అరిగిన కొల్లెట్‌ను గుర్తించడం

మూత వదులు చేసినప్పుడు రాడ్ సాఫీగా జారాలి. బిగించిన తరువాత వేలితో లాగితే కదలకూడదు. చీలికలు మెలిపడినా, కొస నల్లబడి కాలినా, రాడ్‌ను బలవంతంగా తోయవలసివచ్చినా ఆ కొల్లెట్ తీసివేయాలి. పట్టు చాలలేదని మూతను మరీ బిగిస్తే కొల్లెట్ మెలి తిరుగుతుంది. మన ప్రాంతపు చెమ్మకు రాగి చిలుము పడుతుంది గనుక, కొల్లెట్లను మూత ఉన్న పొడి డబ్బాలో కొలతలవారీగా ఉంచాలి.

పట్టు సరిగా లేకపోతే రాడ్ జారి కరిగిన లోహానికి తగులుతుంది. దాని ముక్క అతుకులో చిక్కుకొంటుంది. కరెంటు సరిగా అందక కొల్లెట్ కాలిపోతుంది కూడా.

కొల్లెట్ ఒక్కటి బాగుంటే సరిపోదు. తెరిచిన షెడ్డులో కొల్లేటి గాలి వీస్తే ఆర్గాన్ చెదిరిపోతుంది. గాలికి అడ్డు కట్టాలి. స్టీలు పాత్రకు లోపలివైపు కూడా ఆర్గాన్ అందించాలి. లేకపోతే అతుకు వెనుక భాగం చక్కెర పలుకుల్లా గరుకెక్కుతుంది. పాలు నిలిచేది సరిగ్గా అక్కడే.

క్యాను తిరిగి తీసుకొనేటప్పుడు

కార్యదర్శి గారు వెల్డరును మర్యాదగా మూడు మాటలు అడగాలి: "ఏ కొలత రాడ్ వాడారండి? కొల్లెట్ అదే కొలతదేనా? లోపల ఆర్గాన్ పెట్టారా?" మంచి పనివాడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు, సంతోషిస్తాడు.

తరువాత వెలుతురులో క్యాను లోపలికి చూడాలి. అతుకు మీద వేలు రాస్తే నునుపుగా తగలాలి. నల్లని మచ్చ, గుంట, గరుకు కనిపిస్తే సానపట్టించి నునుపు చేయించాలి. గుంట లోతుగా ఉంటే మళ్లీ అతికించాలి. ఆ తరువాతే నీళ్లు నింపి కారుడు చూడాలి, బాగా కడిగి పాలు పోయాలి.

కొల్లెట్ చిటికెన వేలంత వస్తువు. దాని ఖరీదు ఒక క్యాను పాల ఖరీదుతో పోలిస్తే ఎంత? ఆ చిన్న ఖర్చు దగ్గర వెనకాడి, తెల్లవారుజామున లేచి పాలు పితికిన తల్లుల కష్టాన్ని పులియబెట్టుకోవద్దు. ఈ విషయాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలసిందిగా సంఘాలను కోరుతున్నాం.