వేట జాగిలాన్ని పెంచాలంటే ముందు వేడి లెక్క తెలియాలి

సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడవాటి మూతి, గాలిని కోసుకుంటూ పోయే పరుగు. ముధోల్ జాగిలాన్ని ఒక్కసారి చూసినవారు మరచిపోరు. ఇది మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి ఘోర్పడే సంస్థానాధీశులు ఈ జాతిని పోషించారు. దీనికే కారవాన్ హౌండ్ అనే పేరు కూడా ఉంది. 2005లో తపాలా శాఖ దేశీ కుక్క జాతులపై విడుదల చేసిన స్టాంపుల్లో ఇదీ ఒకటి. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించాక నగరాల్లోనూ దీని పేరు బాగా వినిపిస్తోంది.

అయితే పొలాల వెంట పరుగెత్తడానికి తయారైన ఈ శరీరాన్ని అపార్ట్‌మెంట్‌కు తెచ్చేముందు, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

కంటితో వేటాడే జాతి

వేట కుక్కల్లో కొన్ని వాసన పట్టి వెళ్తాయి, కొన్ని కంటితో చూసి తరుముతాయి. ముధోల్ రెండో రకం. పొడవు మూతి కుక్కల రెటీనాలో చూపునిచ్చే కణాలు అడ్డంగా ఒక పట్టీలా దట్టంగా ఉంటాయి. అందుకే దిగంతం పొడవునా ఎక్కడ ఏది కదిలినా వాటి దృష్టి అటే పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా వాటికి సరిగా తెలియదు. వాటికి రంగు కన్నా కదలికే ముఖ్యం.

పరుగు తీరు కూడా ప్రత్యేకమే. వెన్ను విల్లులా వంగి, మళ్లీ సాగుతుంది. ఒక్కో అంగలో నాలుగు కాళ్లూ రెండుసార్లు నేలను వదిలేస్తాయి. కాళ్లు ముడుచుకున్నప్పుడు ఒకసారి, చాచినప్పుడు ఇంకోసారి.

తరమడమే ఈ కుక్కకు బహుమతి. అందుకే కళ్లముందు పిల్లి పరుగెత్తితే, ఎంత బాగా శిక్షణ ఇచ్చిన జాగిలమైనా యజమాని పిలుపు వినకపోవచ్చు. దాన్ని మొండితనం అనుకుని కొడితే భయం పెరుగుతుందే తప్ప ఆ స్వభావం పోదు. కంచె లేని చోట తాడు విప్పకపోవడమే దారి. కుందేళ్ల వెంట వదలడం మాత్రం అసలు కుదరదు. వన్యప్రాణులను కుక్కలతో తరిమించడమూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటే.

36 గ్రాముల నీరు

ఇక అసలు విషయం వేడి. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు పావు వంతే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడే. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. నిమిషం కూడా పట్టని పందెం ముగిసేసరికి గ్రేహౌండ్లలో అది 41 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది.

మనకు చెమట ఉంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట గ్రంథులు పెద్దగా ఉపయోగపడవు. రొప్పుతూ, నాలుక మీద, ముక్కు లోపల, శ్వాసనాళాల్లో ఉన్న తడిని ఆవిరి చేసి అది చల్లబడుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 25 కిలోల జాగిలం అనుకుందాం. కిలో శరీరాన్ని ఒక డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 3.5 కిలోజౌళ్ల వేడి పోవాలి. మొత్తం శరీరానికి దాదాపు 87. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. అంటే ఒక్క డిగ్రీ తగ్గడానికి 36 గ్రాముల నీరు ఆవిరి కావాలి. రెండు డిగ్రీలకు 72 గ్రాములు. రొప్పడానికీ కండరాలే పనిచేయాలి కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే.

గాలి పొడిగా ఉంటే ఇది తేలికే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు. ముధోల్ ఉన్నది పొడి దక్కన్ పీఠభూమిలో. అదే కుక్క విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఉంటే, థర్మామీటర్ 33 డిగ్రీలే చూపినా ఉక్కపోత వల్ల ప్రమాదంలో పడవచ్చు. కాబట్టి ఎండను ఒక్కటే కాదు, తేమనూ చూడాలి.

రోజువారీ జాగ్రత్తలు

పరుగు తెల్లవారుజామునే పెట్టుకోవాలి. వేసవి సాయంత్రాల్లో రోడ్డు చాలాసేపు వేడిగానే ఉంటుంది. తారు మీద చేతి వెనుకభాగాన్ని ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలకూ అది కాలుతుంది. కర్రకు తాడు, తాడు చివర గుడ్డముక్క కట్టి తిప్పితే చిన్న ఆవరణలోనే తరిమే సరదా తీరుతుంది. ఏడాది లోపు పిల్లల ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి కనుక వాటిని బలవంతంగా దూరాలు పరుగెత్తించకూడదు.

లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తిన్న వెంటనే పరుగెత్తించకండి. రోజు తిండిని రెండు పూటలుగా పెట్టండి. చివరి పక్కటెముకలు కొద్దిగా కనిపించడం ఈ జాతిలో సహజమే. బక్కచిక్కిందని అతిగా మేపితే కీళ్లపై బరువు పడుతుంది, వేడి బయటికి పోవడమూ కష్టమవుతుంది. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు, పిడుదుల నివారణ మామూలే. ఆపరేషన్ అవసరమైతే ఇది గ్రేహౌండ్ తరహా జాతి అని డాక్టరుకు ముందే చెప్పండి. కొవ్వు తక్కువగా ఉండే గ్రేహౌండ్లు కొన్ని రకాల మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి.

వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, బాగా ఎర్రబడిన చిగుళ్లు, తూలడం, వాంతులు వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాను కింద ఉంచాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు. అది ఆవిరిని అడ్డుకుంటుంది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయలుదేరాలి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ ఆలస్యంగా బయటపడవచ్చు.

రోజూ తెల్లవారకముందే లేచేవారు ఇంట్లో ఒకరు, కంచె ఉన్న ఖాళీ స్థలం, దగ్గర్లో పశువైద్యుడు ఉంటే ముధోల్ మీ ఇంట్లో హాయిగా ఉంటుంది. ఈ మూడూ కుదరకపోతే, కాస్త నెమ్మదస్తురాలైన ఊరకుక్క పిల్లను తెచ్చుకోవడం మీకూ, దానికీ మంచిది.