ఉద్దానము మంచినీటి పథకము – పంచాయతీల వంతు

కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఉద్దానపు తీరమున అనేక కుటుంబములను మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దములుగా పీడించుచున్నది. మూలకారణమేదో శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారింపలేదు. అయినను భూగర్భజలమునకు బదులు నదీజలము నందించుట మేలని తలచి, ప్రభుత్వము హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకమును సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించినది. 2023 డిసెంబరు 14న దానికి ప్రారంభోత్సవము జరిగినది.

పెద్ద గొట్టము సంగతి ఇంజనీర్లు చూచుకొందురు. ఊరిలోని వీధి గొట్టము మాట వేరు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ త్రాగునీటిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. గొట్టమును మట్టితో కప్పకముందే, అతుకులు కంటికి కనబడుచుండగానే, నీటి ఒత్తిడితో పరీక్ష జరుగవలెను. కప్పిన పిదప లోపము తెలియదు. సరఫరా నిలిచిన వేళలందు గొట్టములో ఒత్తిడి తగ్గి, కారుచున్న అతుకులగుండా మురుగు లోనికి చొచ్చును. కావున పరీక్షనాడు వార్డు సభ్యులలో ఒకరైనను అచ్చట నిలిచియుండవలెను. కంట్రాక్టరుకు ఇది రుచింపకపోవచ్చును!

కుళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారత ప్రమాణము. దీనిని ట్యాంకువద్ద గాక, వీధి చివరి ఇంటివద్ద చూడవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినప్పుడు పలాస, టెక్కలి ప్రాంతములలో విద్యుచ్ఛక్తి కొన్ని దినములు లేక నీటి మోటార్లు నిలిచిపోయినవి. అట్టి దినములలో జనరేటరు ఎవరు తేవలెనో, డీజిలు సొమ్ము ఏ పద్దునుండి ఈయవలెనో పంచాయతీ సమావేశము సెప్టెంబరులోగానే తీర్మానించి వ్రాసియుంచవలెను.