అప్పు తీరినా సిబిల్‌లో మచ్చ పోలేదు!

ప్రశ్న: చెరకు డబ్బు ఆలస్యమై బైక్ లోన్ వాయిదాలు కొన్ని తప్పాయి. తర్వాత బ్యాంకుతో మాట్లాడుకుని, కొంత తగ్గించి ఒకేసారి కట్టేశాను. ఇప్పుడు ఇంటి లోన్‌కి వెళ్తే సిబిల్ బాగాలేదంటున్నారు. ఏం చేయాలి?
– ఓ రైతు, చోడవరం

జవాబు: మీ లెక్కలో అప్పు తీరిపోయింది. సిబిల్ రిపోర్టులో మాత్రం ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడి ఉంటుంది. అంటే బ్యాంకు కొంత సొమ్ము వదులుకుందని. కొత్తగా అప్పిచ్చేవాళ్లు ముఖ్యంగా వెనకాడేది ఆ మాటకే.

ముందు రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికోసారి దాన్ని ఉచితంగా ఇవ్వాల్సిందే. కట్టేసిన లోన్‌కి ఇంకా బాకీ చూపిస్తున్నా, మీది కాని లోన్ కనిపించినా ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

వివరాలు సరిగ్గానే ఉంటే, వదిలేసిన మొత్తం కట్టడమే దారి. కట్టాక ‘క్లోజ్డ్’గా మారుస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. తప్పిన వాయిదాల గుర్తులు మరికొంతకాలం ఉంటాయి. డబ్బిస్తే చెరిపేస్తామనే ఏజెంట్ల మాట నమ్మకండి, నిజమైన వివరాన్ని వాళ్లు చెరపలేరు.

రాతపూర్వకంగా అడిగిన 30 రోజులకూ బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.