ఆటో ఆపండి, ఫ్యాన్ ఆన్ చేయండి: ఫోన్ కెమెరాతో ఫోటోగ్రఫీ నేర్చుకునే పద్ధతి

ఏ ఫోన్ కొంటే ఫోటోలు బాగా వస్తాయో చెప్పడం మాకు రోజూ ఉండే పనే. ఈసారి దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న తీసుకుందాం. 15 వేల ఫోన్ ఉన్నవాళ్లూ, 80 వేల ఫోన్ ఉన్నవాళ్లూ కూడా ఆరు నెలల తర్వాత మొదటి రోజు తీసినట్టే ఎందుకు తీస్తుంటారు?

పెద్ద కారణం ఆటో మోడ్. మీరు బటన్ ఒక్కసారే నొక్కుతారు. ఫోన్ మాత్రం వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నీడల్ని వెలిగించి, నాయిస్ తగ్గించి, రంగులు సరిచేసి ఒక ఫోటో ఇస్తుంది. 2018లో పిక్సెల్ 3తో పాటు వచ్చిన నైట్ సైట్ చేసేది ఇలాంటి పనే. ఫోటో బాగుంటుంది, కాదనలేం. కానీ ఎందుకు బాగుందో మీకు తెలీదు, పాడైతే ఎందుకు పాడైందో కూడా తెలీదు. అందుకే వారానికి ఒక గంట ప్రో మోడ్‌లో గడపండి. మిగతా రోజుల్లో హాయిగా ఆటో వాడుకోండి. పెళ్లిలో తలంబ్రాలు పోసేటప్పుడు మీరు ఐఎస్ఓ సెట్ చేసేదాకా ఎవరూ ఆగరు.

ప్రో మోడ్ తెరవగానే కనిపించే అంకెలు చూసి కంగారు పడక్కర్లేదు. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. స్పెసిఫికేషన్లలో ఎఫ్/1.8 అని ఉంటే ఎప్పుడూ అంతే. గెలాక్సీ ఎస్9 లాగా ఎఫ్/1.5, ఎఫ్/2.4 మధ్య మార్చుకోగలిగేవి తక్కువ. కాబట్టి వెలుతురు విషయంలో మీ చేతిలో ఉండేవి రెండే: షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ. తిప్పాల్సినవి తక్కువగా ఉండటం నేర్చుకునేవాళ్లకి మంచిదే. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో షట్టర్ స్పీడ్ చేత్తో మార్చే వీలు లేదు, వేరే యాప్ వేసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ప్రయత్నించండి. ఫోన్ సపోర్ట్ చేస్తే ఈ రెండూ అందులో మార్చుకోవచ్చు.

ఫ్యాన్ పాఠం

పగటిపూట, కిటికీ వెలుతురు బాగా వచ్చే గదిలో లైట్లు ఆపేసి సీలింగ్ ఫ్యాన్ వేయండి. ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి, ఫ్యాన్ ఫ్రేములో పడేలా నిలబెట్టి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. ఐఎస్ఓ 100 దగ్గర కదలకుండా ఉంచి 1/30, 1/250, 1/1000 షట్టర్ స్పీడ్‌లలో ఒక్కో ఫోటో తీయండి.

ఫ్యాన్ నిమిషానికి 300 సార్లు తిరుగుతోంది అనుకుందాం. అంటే సెకనుకు 5 చుట్లు. 1/30 సెకనులో ఒక్కో రెక్క 60 డిగ్రీలు జరుగుతుంది. మూడు రెక్కల ఫ్యాన్‌లో రెక్కకీ రెక్కకీ మధ్య 120 డిగ్రీలు కదా, అందులో సగం మేర మసక పరుచుకుంటుంది. 1/250కి ఆ కదలిక 7 డిగ్రీలకు, 1/1000కి 2 డిగ్రీల లోపుకు పడిపోతుంది. రెక్క ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఫోటో మాత్రం దాదాపు నల్లగా వస్తుంది.

ఆ నలుపే పాఠంలో రెండో సగం. 1/30 నుంచి 1/1000కి వెళ్తే సెన్సార్ మీద పడే వెలుతురు సుమారు 33వ వంతుకు తగ్గుతుంది. పాత వెలుగు తిరిగి కావాలంటే ఐఎస్ఓ 100ని 3200 దాకా పెంచాలి. పెంచి తీసి, గోడ మీద జూమ్ చేసి చూడండి, గరుకుగా ఇసక చల్లినట్టు ఉంటుంది. రాత్రిపూట ఆడుకుంటున్న పిల్లల ఫోటోలు ఎందుకు మసకగానో, ఇసకగానో వస్తాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

రాత్రి ఇదే ప్రయోగం ఎల్ఈడీ బల్బు వేసి చేస్తే ఇంకో తమాషా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులు అవుతాయి. మన కంటికి అది తెలీదు, 1/1000 దగ్గర కెమెరాకి తెలుస్తుంది, ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. 1/100కో 1/50కో దిగితే ఒక పూర్తి హెచ్చుతగ్గు ఫ్రేములో పడుతుంది కనుక చారలు పోతాయి. చారలు రాకపోతే మీ ఇంట్లో మంచి బల్బులు ఉన్నట్టు.

ప్రయోగం ఏదైనా నియమం ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. షట్టర్, ఐఎస్ఓ, నిలబడే చోటు మూడూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో దేవుడికే తెలియాలి. అంకెలు రాసుకోవాల్సిన పని లేదు, అవి ఫోటో ఫైల్‌లోనే ఉంటాయి. గూగుల్ ఫోటోస్‌లో పైకి స్వైప్ చేస్తే కనిపిస్తాయి. మీరు రాసుకోవాల్సింది తీసే ముందు మీ ఊహ: "ఇలా మారిస్తే ఇలా రావాలి" అని ఒక్క ముక్క. ఊహ తప్పిన ప్రతిచోటా కొత్త విషయం ఒకటి దొరుకుతుంది.

మీ ఊరిలో గేదెలుంటే ఆ ఊహని పరీక్షించడానికి అంతకంటే మంచి మోడల్ దొరకదు. ప్రో మోడ్‌లో షట్టర్, ఐఎస్ఓలను ఆటోకి వదిలేసి, ఫ్రేము నిండా నల్ల గేదె పెట్టి తీయండి. కెమెరా మీటర్ దేన్ని చూసినా మధ్యస్థపు బూడిద వెలుగు అనుకుంటుంది కాబట్టి గేదె తెల్లబడి వచ్చే అవకాశం ఎక్కువ. తర్వాత ఎండలో ఆరేసిన తెల్ల పంచె ఫ్రేము నిండా తీయండి, అది మాసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను గేదెకి మైనస్ 1, పంచెకి ప్లస్ 1 పెట్టి మళ్లీ తీసి పోల్చండి.

నలుగురు కావాలి

ఒంటరిగా చేసే ప్రయోగాలు సెట్టింగుల వరకే నేర్పుతాయి. ఫ్రేములో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అనేది మన ఫోటోలో మనకి కనపడదు. తీసినప్పటి వాసన, మాటలు, సరదా అన్నీ మన బుర్రలో ఉంటాయి కాబట్టి ఫోటోలో లేనివి కూడా ఉన్నట్టే అనిపిస్తాయి. చూసేవాడికి ఉన్నది ఫోటో ఒక్కటే. అందుకే నలుగురైదుగురు స్నేహితులు కావాలి. "సూపర్ బ్రో", "కేక" అని లైక్ కొట్టి వెళ్లిపోయేవాళ్లు కాదు, వాళ్లూ అదే వారం అదే విషయం మీద ఫోటో తీసి తెచ్చేవాళ్లు. విషయం చిన్నదిగా పెట్టుకోండి: రాత్రి టీ బండి, వాన తర్వాత రోడ్డు, అమ్మమ్మ చేతులు. అమ్మమ్మని అడిగే తీయండి.

ఫోటో పెట్టినవాళ్లు మొదట నోరు విప్పకూడదు. "అప్పుడు బాగా చీకటి రా", "వాడు కదిలాడు" అని కథ మొదలుపెడితే ఇక ఎవరూ ఫోటో చూడరు, కథే వింటారు. చూసేవాళ్లు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. మొదట కన్ను ఎక్కడికి వెళ్లింది? ఏది తీసేస్తే బాగుండేది? ఏ సెట్టింగ్ వాడి ఉంటారు? మూడోది ఆట లాంటిది. ఊహలు అయ్యాక అంకెలు బయటపెట్టాలి. 1/15 అని ఒకరు, 1/60 అని ఇంకొకరు పందెం వేసుకున్న రోజున అందరికీ అంకెలు గుర్తుండిపోతాయి.

టీ బండి ఫోటోనే తీసుకోండి. టీ పోస్తున్న మాస్టర్‌ని తీశాననుకుంటారు మీరు. నలుగురిలో ముగ్గురు మొదట వెనకున్న వెలుగుతున్న ఫ్లెక్సీని చూశామంటారు. గొడవ వద్దు, ముగ్గురి కళ్లూ అబద్ధం చెప్పవు. ఫోటోలో అన్నిటికంటే వెలుగైనచోటికి కన్ను ముందు పోతుంది. మళ్లీ వెళ్లి రెండడుగులు పక్కకి జరిగి, ఫ్లెక్సీ మాస్టర్ వెనక దాగేలా ఒకటి, అక్కడే నిలబడి మాస్టర్ ముఖానికి ఎక్స్‌పోజర్ లాక్ చేసి ఇంకోటి తీయండి. రెండూ గ్రూపులో పెట్టండి. రెండో దాంట్లో ముఖం బాగా కనిపిస్తుంది, కానీ ఫ్లెక్సీ తెల్లగా కాలిపోయి ఇంకా లాగుతుంది. సెట్టింగ్ చేయలేని పని కాళ్లు చేశాయన్నమాట.

అయితే గ్రూపు చెప్పిందల్లా వేదం కాదు. "రంగులు మరీ ఎక్కువయ్యాయి" అన్నవాడి ఫోన్‌లో డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉండొచ్చు, "పసుపుగా ఉంది" అన్నవాడు ఐ కంఫర్ట్ ఆన్‌లో పెట్టుకుని ఉండొచ్చు. రంగు, వెలుగు గురించి మాట వస్తే అందరూ ఆ మోడ్‌లు ఆపి, బ్రైట్‌నెస్ సగానికి పెట్టుకుని మరోసారి చూడాలి. "ఇలాంటివి నాకు నచ్చవు" అనేదాన్ని వినండి, మారాల్సిన పని లేదు. "ఇక్కడ ఏముందో అర్థం కాలేదు" అని ఇద్దరు అంటే మాత్రం మళ్లీ తీయండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, షట్టర్, ఐఎస్ఓ వివరాలూ పోతాయి, నాయిస్ మీదిదో వాట్సాప్‌దో తెలీదు. డాక్యుమెంట్‌గా పంపితే అన్నీ వెళ్తాయి, లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ ఇల్లు మ్యాప్‌లో ఎక్కడుందో కూడా వెళ్తుంది. గ్రూపులో కొత్తవాళ్లు ఉన్నప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ట్యాగ్ ఆపేసి, అప్పుడు మొదటి ఫోటో తీయండి.