పిల్లల దగ్గరికి వెళ్లేముందు

చిరంజీవి బుజ్జికి,

విజయవాడ రైల్వే స్టేషన్‌లో దిగే పిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం పనిచేసే సంస్థలో శని, ఆదివారాలు వాలంటీరుగా చేరాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నా ఉద్యోగ జీవితమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి, ఫోనులో పైపైన నాలుగు ముక్కలు చెప్పడం ఇష్టం లేక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఒకసారి చదివి పక్కన పడేయకుండా దగ్గర ఉంచుకో.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. ఆ పిల్లలకు జాలిపడేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ముద్దుచేసేవాళ్లూ దొరుకుతారు. దొరకనిది ఎవరంటే, చెప్పిన వేళకు వచ్చి, చెప్పినంత పని చేసి, మళ్లీ వారం అదే వేళకు కనిపించే మనిషి. నువ్వు ఆ మనిషివి కాగలిగితే చేరు. నేను కింద రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

ఆ పిల్లలు ఎవరో తెలుసుకుని వెళ్లు. చెన్నై, హౌరా, ఢిల్లీ వైపు రైలు దార్లన్నీ విజయవాడలో కలుస్తాయి. అందుకే ఎక్కడో బయల్దేరిన పిల్లలు అక్కడ తేలతారు. తాగొచ్చి కొట్టే తండ్రిని తట్టుకోలేక వచ్చినవాళ్లు ఉంటారు. పని ఇప్పిస్తానని తీసుకొచ్చిన మేస్త్రీ దగ్గర్నుంచి పారిపోయినవాళ్లు ఉంటారు. మార్కుల కోసం తిట్టారని అలిగి రైలెక్కినవాళ్లూ ఉంటారు. చాలామందికి ఇంటి దగ్గర తల్లో, తండ్రో, అమ్మమ్మో ఉంటారు. ‘పాపం, ఎవరూ లేని పిల్లలు’ అనే ఊహ పెట్టుకుని వెళితే మొదటి రోజే తప్పుదారి పడతావు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలా దొరికిన పిల్లవాణ్ని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. పిల్లవాడు ఎక్కడ ఉండాలో, ఇంటికి ఎప్పుడు పంపాలో తేల్చేది వాళ్లు. వీలైనంతవరకూ పిల్లలు కుటుంబంలోనే పెరగాలనీ, వసతి గృహంలో ఉంచడం వేరే దారి లేనప్పుడే చేయాలనీ ఆ చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి సంస్థ నడిపే వసతి గృహంలో పనిచేసే ప్రతి ఒక్కరి పనీ, వంటమనిషితో సహా, పిల్లవాణ్ని క్షేమంగా ఒక ఇంటికి చేర్చడమే. నీ పని అందులో ఒక చిన్న భాగం. చిన్నదని తీసిపారేయకు, పెద్దదని భ్రమపడకు.

చేరేముందు సంస్థవాళ్లను నాలుగు విషయాలు అడుగు. బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? పిల్లల రక్షణకు రాతపూర్వకమైన నియమావళి ఉందా? నా పని చూసే బాధ్యులు ఎవరు? తప్పు ఏదైనా నా కంటపడితే ఎవరికి చెప్పాలి? మంచి సంస్థవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. తిరిగి వాళ్లే నిన్ను ఇంకా ఎక్కువ అడుగుతారు. ఆధార్ కాపీ, నిన్ను ఎరిగిన ఇద్దరి పేర్లు, పోలీసు వెరిఫికేషన్, నియమావళి మీద సంతకం కావాలంటారు. పిల్లలతో పనిచేసే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నియమాలు చెబుతున్నాయి. మంచి సంస్థ ఆ జాగ్రత్తను వాలంటీర్లకూ వర్తింపజేస్తుంది. ‘నన్ను అనుమానిస్తున్నారా’ అని చిన్నబుచ్చుకోకు. ఏమీ అడక్కుండా, ‘రామ్మా, ఇవాళే మొదలుపెట్టు’ అని పిల్లల మధ్యకు పంపేశారంటే భయపడాలి. నిన్ను అంత తేలిగ్గా పంపినవాళ్లు ఎవరినైనా పంపుతారు.

ఇక కాలం సంగతి. నీకు సెమిస్టరు పరీక్షలుంటాయి, పండగలకు ఊరెళ్లాలి. అవన్నీ లెక్క వేసుకుని ఏడాదిపాటు నిలబెట్టుకోగలిగినంతే ఒప్పుకో. వారానికి రెండు పూటలు అని మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసేకన్నా, వారానికి ఒక్క పూట చొప్పున ఏడాది వెళ్లడం ఎంతో మేలు. తల్లికి దూరమైన పిల్లల మీద జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక 1951లో వచ్చింది. పిల్లలు ఎదగడానికి తిండీ బట్టా ఎంత అవసరమో, విడవకుండా అంటిపెట్టుకుని ఉండే ఒక మనిషీ అంతే అవసరమని ఆయన వాదించాడు. ఇప్పటికే ఒకసారి మనుషులు దూరమైన పిల్లల దగ్గరికి నువ్వు వెళుతున్నావు. నాలుగు వారాలు అక్కా అక్కా అని చుట్టూ తిరిగాక నువ్వు మాయమైతే, పెద్దవాళ్లెవరూ నిలవరని ఆ పసిమనసు ఇంకోసారి రాసుకుంటుంది. రాలేని వారం ముందే చెప్పు. పూర్తిగా మానేయాల్సి వస్తే నెల ముందే చెప్పి, ఆఖరి రోజు ఇదీ అని క్యాలెండర్‌లో చూపించి, అందరితో మాట్లాడి రా. ‘మళ్లీ వస్తాలే’ అని ఉత్తిమాట అనకు.

చదువు చెప్పమంటారు నిన్ను. ఇక్కడ మన తెలుగువాళ్ల అనుభవమే నీకు పాఠం. ప్రొఫెసర్ శాంతా సిన్హా ఆధ్వర్యంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను పని మాన్పించి బడికి పంపే ఉద్యమం నడిపింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వయసు మీరిన పిల్లల్ని నేరుగా ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టకుండా, శిబిరాల్లో బ్రిడ్జి కోర్సు పెట్టి, వయసుకు తగిన తరగతిలో చేరేలా తయారుచేశారు. ఆ ఊళ్ల యువకులే ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు. నీలాంటి వయసువాళ్లే, బుజ్జీ.

దాన్నుంచి నువ్వు నేర్చుకోవలసింది ఒకటుంది. పదమూడేళ్ల కుర్రాడి ముందు అ, ఆల పుస్తకం తెరిస్తే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు, మర్నాడు నీ క్లాసుకు రాడు. వాడు టిఫిన్ సెంటర్‌లో పనిచేసి ఉంటే రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు, మూడు టీలు ఎంతయ్యాయో నీకన్నా ముందే చెబుతాడు. కాగితం మీద కూడిక మాత్రం రాదు. ఆ బిల్లు దగ్గరే మొదలుపెట్టు. వాడి నోటిలెక్కను కాగితం మీదికి తీసుకురా. తనకు ఏదో వచ్చుననే ధైర్యం వస్తే అక్షరాలు వాటంతట అవే దారిలోకి వస్తాయి.

మాటల దగ్గర మరీ జాగ్రత్త. ‘ఇంట్లోంచి ఎందుకొచ్చేశావు? మీ నాన్న ఏం చేస్తాడు?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు వాడు పోలీసులకు, సమితికి, కౌన్సెలర్‌కు ఇప్పటికే జవాబు చెప్పి అలసిపోయి ఉంటాడు. నువ్వు అడక్కపోయినా, ఏదో ఒక రోజు లెక్కలు చేస్తూ చేస్తూ ఒక పిల్ల తలెత్తి, ‘అక్కా, ఒకటి చెబుతా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అంటుంది. అప్పుడు ఒట్టెయ్యకు. ‘నీకు హాని జరిగే సంగతైతే నిన్ను కాపాడగలిగినవాళ్లకు చెప్పాలమ్మా, వేరే ఎవరికీ చెప్పను’ అని నిజం చెప్పు. చెప్పేది మధ్యలో ఆపకుండా విను. ‘ఫలానా వాడేనా?’ అని పేర్లు అందించకు. తవ్వి తవ్వి అడగకు. మొహంలో అసహ్యం, ఆశ్చర్యం కనపడనివ్వకు. ‘నాకు చెప్పి మంచిపని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు’ అను. బయటకు రాగానే ఆ పిల్ల అన్న మాటలను అన్నది అన్నట్టుగా రాసి, తేదీ, సమయం వేసి, ఆ రోజే బాధ్యులకు అందజెయ్యి.

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఆ బాధ్యత ప్రతి ఒక్కరిదీ, వాలంటీరుది కూడా. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. కాబట్టి పైవాళ్లకు చెప్పేసి చేతులు దులుపుకోకు. విషయం పోలీసుల దాకా చేరిందో లేదో కనుక్కో. సంస్థలోనే ఎవరైనా పిల్లల్ని కొడుతున్నట్టు కనిపిస్తే అదీ నేరమే. బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ అందుకే ఉంది. బాధ్యులే దాన్ని కప్పిపుచ్చుతుంటే బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో చెప్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సరే, అది రాత్రింబవళ్లు పనిచేస్తుంది. సంస్థ పరువు కన్నా పిల్లవాడు ముఖ్యం.

ఫొటోల సంగతి. పుట్టినరోజులకూ సంవత్సరీకాలకూ దాతలు భోజనాలు పెట్టడం మన దగ్గర ఉన్నదే. మనసు మంచిదే. కానీ కేకు చుట్టూ పిల్లల్ని వరసగా నిలబెట్టి, అన్నం చల్లారిపోతుంటే పాట పాడించి, ఆ ఫొటోలు ఊరంతా తిప్పుతారు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా, ఫలానా పిల్ల అని తెలిసే ఏ వివరమైనా ప్రచారంలో పెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో మొహం కనపడకుండా పెట్టినా యూనిఫాం, గోడ మీది బోర్డు పట్టిస్తాయి. పారిపోయి వచ్చిన పిల్లను వెతుకుతున్నవాడికి అది చాలు. ఫోను బ్యాగులోంచి తీయకు.

‘ఫొటోలు తీసే పెద్దవాళ్లను ఎలా ఆపగలం?’ అంటావేమో. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉన్న దుర్గాబాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. టికెట్ తెచ్చాకే వెళ్లనిచ్చింది. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు. ఆ అమ్మాయే తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. నియమం ఎవరికైనా ఒకటేనని వినయంగా చెప్పగలిగిన మనిషి గుమ్మం దగ్గర ఉంటేనే లోపలివాళ్లు నిశ్చింతగా ఉంటారు. నీకు చెప్పే ధైర్యం చాలకపోతే వెంటనే బాధ్యులను పిలువు.

కొన్ని చిన్న కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఒక్క పిల్లకు గాజులో, పెన్నో కొనిపెట్టకు. ఆ రాత్రి దాని కోసం గొడవ పడేది వాళ్లే. ఏం ఇవ్వాలన్నా ఆఫీసులో ఇవ్వు. నీ ఫోను నంబరు పిల్లలకు ఇవ్వొద్దు, సోషల్ మీడియాలో కలుపుకోవద్దు. తలుపు వేసిన గదిలో ఒక్క పిల్లతో కూర్చోవద్దు, నలుగురికీ కనపడే వరండాలో కూర్చో. ‘మా ఇంటికి తీసుకెళతా’ అని ముద్దుకైనా అనకు. ఆ మాటను నువ్వు మరిచిపోతావు, ఆ పిల్ల మరవదు.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది కుటుంబాల గురించి. ఒక తల్లి వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. బిడ్డను ఇక్కడ వదిలేసిందని నీ కడుపు మండుతుంది. ఆగు. ఆమె సంపాదన ఎంతో, ఇల్లు ఎక్కడో, భర్త బతికున్నాడో లేదో నీకు తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో ఆటో మునిగినా, కుట్టుమిషన్ పాడైనా ముందు తెగేది పిల్లల చదువే. సంస్థవాళ్లు ఇళ్లకు వెళ్లేటప్పుడు నిన్నూ రమ్మంటే వెళ్లు. అయితే ఇరుగుపొరుగు ముందు వాళ్ల సంగతులు ఎత్తకు. చాప వేస్తే కూర్చో, మంచినీళ్లిస్తే తాగు. కూలికి వెళ్లే మనిషి పని పోకుండా సాయంత్రం వెళ్లేలా చూడు. ‘ఇలా చేయండి, అలా చేయండి’ అని చెప్పకు. ‘మీకేం కావాలండీ?’ అని అడుగు.

చాలాసార్లు వాళ్లకు కావలసింది కాగితాల సాయం. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌లో పేరు సరిచేయించడం, బ్యాంకు ఖాతా. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద అర్హులైన కుటుంబాలకు ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ డబ్బుతో బిడ్డను ఇంట్లోనే ఉంచుకుని చదివించుకోగల తల్లి, దరఖాస్తు నింపడం రాక ఆగిపోతుంది. ఆమె పక్కన కూర్చుని, పేర్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసి, ఫారం పూర్తిచేయించావంటే ఒక బిడ్డ ఇంటికి చేరే దారి తెరిచినట్టే. ఈ పనికి ఎవరూ ఫొటో తీయరు, చప్పట్లు కొట్టరు. అయినా చదువుకున్న పిల్లవి నువ్వు అందరికన్నా బాగా చేయగలిగింది ఇదే.

కొన్ని రోజులు తిరిగొచ్చాక నీకు అన్నం సహించదు. అది సహజం. కానీ ఆ కథలు హాస్టల్ గదిలో స్నేహితులకు చెప్పి బరువు దించుకోకు, అవి నీవి కావు. నీ పని చూసే బాధ్యులతో మాట్లాడు. పేర్లు చెప్పకుండా నీ బాధ ఎంతైనా నాతో చెప్పుకో. మరీ తట్టుకోలేకపోతే పని తగ్గించుకుంటానని అడగడంలో నామోషీ లేదు.

ఒక రోజు నువ్వు వెళ్లేసరికి నీ క్లాసులో ఒక కుర్రాడు ఉండడు. ‘వాళ్ల అమ్మ వచ్చి తీసుకెళ్లింది’ అంటారు. నీకు చెప్పకుండా వెళ్లాడని బెంగపెట్టుకోకు. అందరూ కోరుకున్నది అదే. వాడి నోటుపుస్తకం సంస్థవాళ్ల ద్వారా పంపించి, మిగిలినవాళ్లతో ఆ రోజు పాఠం మొదలుపెట్టు.

ఈ శనివారం వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలూ అడుగు. జవాబులు సరిగ్గా ఉంటే చేరు. చేరితే ఏడాది నిలబడు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ